కేసీ కాలువ గట్టు సైకిల్ యాత్ర: కట్టేది 1,200, గట్టుకు చేరేది ఎంత?

రెండుచక్రాలు_నంద్యాల
సుంకేసుల నుంచి కడప దాకా కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు వెంబడి నడవడానికి, సైకిల్ తొక్కడానికి ఒక బాట ఉండాలని మనవాళ్ళు కొందరు రెండేళ్ళుగా తిరుగుతున్నారు. ఆలోచన మంచిదే, నాకేం పేచీ లేదు. దాని ఖర్చులకని పోయినేడు నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా సైకిల్ యాత్ర పెట్టారు. నేనూ తొక్కాను. ఈ జనవరిలో మళ్ళీ పెడతారంట. ఫీజు అదే, 1,200. టీషర్టు, మెడల్, టిఫిను, భోజనం అన్నీ అందులోనే.

నా బాధ ఒకటే. పోయినేడు నేను కట్టిన దాంట్లో గట్టుకు ఎంత పోయింది? ఇంట్లో ఇట్లాంటి టీషర్టులు మూడున్నాయి, ఒకటి ఇప్పటికే సైకిల్ తుడిచే గుడ్డ అయింది. మెడల్ మా చిన్నోడు మేకపిల్ల మెడలో కట్టాడు. ఆ డబ్బుతో ఆరు బోర్డులు పాతామన్నారు. మొన్న దసరా సెలవుల్లో పోతే నాలుగే కనబడ్డాయి. మిగతా రెండు ఏమైనట్టు? అడిగితే "అన్నా, మంచి పనికి లెక్కలు అడుగుతారా" అంటున్నారు. మంచి పనికే కదా అడగాల్సింది!

ఉగ్గాని_బజ్జి
లెక్కలు తర్వాత చూద్దాం. ముందు మేకపిల్ల ఫొటో పెట్టన్నా.

పల్లేరుకాయ
ఒక బోర్డు ఎక్కడుందో నాకు తెలుసు. సిరివెళ్ళ దాటినాక ఒక కోళ్ళగూడుకు తలుపు అయింది. "మంచినీరు 2 కి.మీ." అని రాసుంది, బాణం గుర్తు సూటిగా కోళ్ళ వైపే.

గట్టుబాట_కార్యకర్త
ఆ టీములో నేనూ ఉన్నా. అట్లా ఎవరన్నారో తెలీదు గానీ తప్పే. లెక్క దాచేది ఏమీ లేదు, పోయినేటిది పెడుతున్నా.

140 మంది కట్టారు, 1,68,000 వచ్చింది. టీషర్టులు 150 చేయించాం, ఒక్కోటి 260 చొప్పున 39,000. మెడల్స్ 16,500. స్టేజీ, మైకు, ఫ్లెక్సీలు 34,000. తిండి, నీళ్ళు తలకు 180 లెక్కన 25,200. అంబులెన్సు, సైకిళ్ళు ఎక్కించుకునే మినీ లారీ, డీజిలు కలిపి 13,300. ఇంకా మిగిలింది 40,000. అందులో బోర్డులకు 27,000. తుమ్మకంప కొట్టించడానికి జేసీబీకి 13,000. అంతే. మా జేబుల్లోంచి పడిన పెట్రోలు ఇందులో రాయలేదు.

ఆడిటర్_పొద్దుటూరు
కూడికలు సరిపోయినాయి, అబద్ధం లేదు. కానీ ఒకసారి భాగించి చూడండి. 40,000ను 140తో భాగిస్తే తలకు 286 రూపాయలు. అంటే 1,200 కట్టిన మనిషి 914 రూపాయలు తన మీదే ఖర్చు పెట్టుకుని 286 గట్టుకు ఇచ్చినాడు. తప్పు కాదు. దాన్ని విరాళం అనకుండా టికెట్టు అనండి, గొడవ ఉండదు.

ఎవరో పోయినేడు గ్రూపులో "80జి వస్తుంది" అన్నారు, అంటే విరాళానికి ఆదాయపన్ను మినహాయింపు, అది కూడా చెప్పేస్తా. ఆ రసీదు ఇవ్వాలంటే ముందు సంస్థకు ఆ అనుమతి ఉండాలి. ఉన్నా సరే, 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకు అసలే రాదు. పైగా మెడలూ భోజనమూ తీసుకున్న డబ్బును పూర్తి విరాళంగా చూపించడం కుదరదు.

బ్రెవె_బాబు
స్టేజీకి 34 వేలా! తొక్కేవాడికి స్టేజీ ఎందుకప్పా? నేను 200, 300 కిలోమీటర్ల బ్రెవెలు తొక్కినా, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రలు. 200కు పదమూడున్నర గంటల టైము, 300కు 20 గంటలు. తెల్లారి అయిదుకు ఒక పెట్రోలు బంకు ముందర నిలబడతాం, కార్డు మీద ముద్ర వేస్తారు, పోతాం. మైకు లేదు, దండ లేదు.

ఉగ్గాని_బజ్జి
@బ్రెవె_బాబు మైకు లేకపోతే నాయకులు రారు, నాయకులు రాకపోతే పేపర్లో పడదు, పేపర్లో పడకపోతే మా మామ నమ్మడు నేను సైకిల్ తొక్కినానని.

నీలిచొక్కా_కడప
టీషర్టును అంత తీసిపారేయకండి. మా ఆఫీసు నుంచి పోయినేడు 22 మంది వచ్చారు. అందులో 18 మంది సొంతంగా సైకిల్ లేనివాళ్ళు, అద్దెకు తెచ్చుకున్నారు. వాళ్ళను లాక్కొచ్చింది టీషర్టూ, ఫొటోనే. వాళ్ళు రాకపోతే మీ 140 కాస్తా 40 అవుతుంది. అప్పుడు మిగిలేది ఎంత? ఆడిటర్ గారు ఆ భాగహారం కూడా చేయాలి.

ఆడిటర్_పొద్దుటూరు
చేశా. టీషర్టు, మెడల్, స్టేజీ లేకుండా 40 మంది తలా 1,200 కట్టినా 48,000. తిండికి 7,200, వాహనాలకు అదే 13,300 వేసుకున్నా 27,500 మిగులుతుంది. 140 మందితో మిగిలింది 40,000. తేడా 12,500 రూపాయలే, దానికోసం వంద మందిని మోశారు.

నీలిచొక్కా_కడప
ఆ వంద మందిలో పదిమంది ఇప్పుడు ప్రతి ఆదివారం తొక్కుతున్నారు సార్. అది మీ పుస్తకంలో ఏ ఖాతా కింద రాస్తారు?

చాగలమర్రి_రైతు
మీరంతా టీషర్టు కాడనే ఉన్నారు. గట్టు పక్కన పొలమున్నోడిని ఎవరన్నా అడిగినారా? మా పొలం కాలువ కింద ఉంది. గట్టు మా బండి బాట. మొక్కజొన్న ఆడనే ఆరబోస్తాం, పసుపు ఉడకబెట్టినాక ఆడనే పరుస్తాం. పోయినేడు మీ జేసీబీ కంప కొడుతూ మా తూము కాడికి పోయే అడ్డదారిని మట్టితో పూడ్చేసి పోయింది. నేను రెండు రోజులు పార పట్టుకుని తీసుకున్నా. రేపు ఇది "బాట" అని పేరు పెడితే ట్రాక్టర్లు రాకుండా గేటు పెడతారని మా ఊర్లో అనుకుంటున్నారు. దానికి జవాబు చెప్పండి ముందు.

కాలరుబోను
రైతన్న మీద కోపం లేదు గానీ నా ముచ్చట కూడా వినండి. రెండేళ్ళ కింద తెల్లారుజామున ఒక్కడినే గట్టు మీద పోతున్నా. కాలువలోంచి పొలానికి నీళ్ళు తోడే మోటారు పైపు గట్టుకు అడ్డంగా పరిచి ఉంది. నల్లపైపు, నల్లమట్టి, చీకటి. ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం జారింది. కాలువ వైపు పడుంటే ఇప్పుడు ఈ పోస్టు మీరు చదివేవాళ్ళు కాదు. పొలం వైపు పడ్డా, కాలర్ ఎముక విరిగింది. నన్ను లేపి, టవలుతో చెయ్యి మెడకు కట్టి, మోపెడ్ మీద ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ పైపు వేసిన రైతే. దారి పొడవునా నన్నే తిట్టాడు, "దీపం లేకుండా ఎవడు రమ్మన్నాడు రా నిన్ను" అని. ఆయన మాటా నిజమే.

చాగలమర్రి_రైతు
పైపు మీద గోనెసంచి కప్పి మట్టి వేస్తే సైకిల్ ఎక్కి దిగుతుంది. ఎవరన్నా వచ్చి చెప్తే చేస్తాం. చెప్పినోడు లేడు.

లస్కరు_మనవడు
మా తాత ఈ కాలువ మీద లస్కరు. లస్కరంటే తెలీని పిల్లలకు చెప్తున్నా, తన పరిధిలోని గట్టుకు కాపలా కాస్తూ, తూములు ఎత్తడం దించడం చేసే మనిషి. రోజూ అటు నాలుగు మైళ్ళు ఇటు నాలుగు మైళ్ళు నడిచేవాడు. తర్వాత డిపార్టుమెంటు సైకిల్ ఇచ్చింది. కాబట్టి కేసీ గట్టు మీద మొదటి సైకిల్ యాత్ర మా తాతదే, టీషర్టు లేకుండా.

ఈ కాలువ పుట్టింది నీళ్ళకోసమే కాదు, పడవలకోసం కూడా. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్ డబ్బుతో 1863లో మొదలుపెట్టి 1870 ప్రాంతంలో ముగించారు. పడవలు ఎగువ మట్టానికి ఎక్కడానికి, దిగువ మట్టానికి దిగడానికి లాకులు (నీటి తలుపులు) కట్టారు. లాకిన్సుల అనే ఊరి పేరులోనే లాకు ఉంది చూడండి. కర్నూలులో హంద్రీ నది మీద కాలువను వంతెనలాగా దాటించారు, కింద నది, పైన కాలువ. గట్టు పొడవునా మైలురాళ్ళు ఉండేవి. వాటిలో ఒకటి మా ఊళ్ళో బట్టలుతికే బండ అయింది. ఇప్పటికీ అంకె కనబడుతుంది, 112.

డాలస్_దువ్వూరు
@లస్కరు_మనవడు ఆ కంపెనీ నష్టపోయింది కదా? రైతులు నీళ్ళు కొనలేదని, చివరికి 1882లో సర్కారే కొనేసిందని చదివాను.

లస్కరు_మనవడు
అవును. మనది నల్లరేగడి. జొన్న, కొర్ర, పత్తి వేసే రైతుకు వాన చాలు. నీళ్ళకు పన్ను కట్టి ఎందుకు పారించుకోవాలని వదిలేశారు. ఇప్పుడు అదే కాలువ కింద రెండున్నర లక్షల ఎకరాల పైన సాగు.

ఉగ్గాని_బజ్జి
అంటే లండనోళ్ళు డబ్బు పోగొట్టుకున్న గట్టు మీదనే మళ్ళీ మనం 1,200 పెడుతున్నామన్నమాట. సూపర్.

డాలస్_దువ్వూరు
నేను ఇక్కడ అమెరికాలో చూసింది చెప్తా. మిస్సోరి రాష్ట్రంలో కేటీ ట్రైల్ అని ఉంది, 386 కిలోమీటర్లు. మన కాలువకన్నా కొంచెం పెద్దది. అది పాత రైలు దారి. ఎంకేటీ అనే కంపెనీ 1986లో అక్కడ రైళ్ళు ఆపేసింది, పట్టాలు తీసేసిన కట్ట మీద బాట వేశారు. టెడ్ జోన్స్ అనే పెద్దమనిషి, ఆయన భార్య కలిసి 20 లక్షల డాలర్ల పైనే ఇచ్చారు. అక్కడా పక్క పొలాలవాళ్ళు ఒప్పుకోలేదు, కోర్టుకు పోయారు. మన చాగలమర్రి అన్న ఒక్కడే కాదు. ఇప్పుడేమో దారి పక్క చిన్న ఊళ్ళలో సైకిల్ వాళ్ళను నమ్ముకుని బతికే హోటళ్ళు ఉన్నాయి.

నాకు నచ్చింది దాని మీద పరిచిన పొడి. సున్నపురాయి నలగ్గొట్టి పరిచి తొక్కించారు. తారు లేదు, సిమెంటు లేదు, వాన పడినా చక్రం దిగబడదు. మనకు సున్నపురాయికి కరువా? బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి కోసినాక మిగిలిన ముక్కలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి.

పల్లేరుకాయ
నాపరాయి ముక్క అంచు చూశావా అన్నా ఎప్పుడైనా? చాకు. నా పేరు చెడగొడుతుంది.

రిటైర్డు_ఏఈ
దువ్వూరు బాబు చెప్పింది బాగుంది, కానీ కింద నేల మర్చిపోయారు. ముక్కలు నేరుగా పరిస్తే పనికిరాదు, క్రషర్‌లో వేసి పొడి చేయాలి. అదీ సరే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు పగుళ్ళు బారుతుంది. మీరు పరిచిన పొడి రెండు వానలకు ఆ పగుళ్ళలోకి పోతుంది. కింద ముందు గరుసు పొర పడాలి.

లెక్క చెప్తా. బాట వెడల్పు రెండు మీటర్లు, పొర మందం 15 సెంటీమీటర్లు అనుకోండి. కిలోమీటరుకు 300 ఘనపు మీటర్లు. టిప్పరుకు పది ఘనపు మీటర్లు వేసుకుంటే 30 టిప్పర్లు. రోలరు తొక్కితే అణుగుతుంది కాబట్టి 40 అనుకోండి. కాలువ పొడవు 306 కిలోమీటర్లు. పన్నెండు వేల టిప్పర్లు పైనే. మీ దగ్గర మిగిలింది 40,000 రూపాయలు. అంటే టిప్పరుకు మూడు రూపాయల చిల్లర. ఆ డబ్బుకు డ్రైవరు టీ కూడా తాగడు.

సైకిల్ యాత్రలతో రోడ్డు పడదు. గట్టు పని డిపార్టుమెంటు చేయాల్సిందే, కాలువ మరమ్మతుల్లో భాగంగా. అయినా గట్టు మీద గునపం దించాలన్నా జలవనరుల శాఖ అనుమతి కావాలి. పోయినేడు జేసీబీకి అనుమతి తీసుకున్నారా?

గట్టుబాట_కార్యకర్త
నోటిమాటగా చెప్పాం సార్. కాగితం లేదు.

రిటైర్డు_ఏఈ
గట్టు మీద ఇష్టమొచ్చినట్టు తవ్వితే గండి పడుతుంది నాయనా. ఈసారి కాగితం మీద తీసుకోండి.

బురుజు_కింద
306 అంటే గుర్తొచ్చింది. కర్నూలు నుంచి కడపకు రోడ్డు మీద రెండొందల చిల్లరే కదా. తెల్లోడు వంద కిలోమీటర్లు ఎందుకు చుట్టు తిప్పినాడు?

రిటైర్డు_ఏఈ
సుంకేసుల కర్నూలుకు కొంచెం పైన ఉంది, అది కలిపితే ఇంకొంత. మిగతాది వాలు. నీళ్ళు గుట్ట ఎక్కవు. కొండ అడ్డమొస్తే దాని అంచు పట్టుకుని చుట్టి రావాలి. అందుకే గట్టు మీద తొక్కేవాడికి ఎక్కుడు అనేది ఉండదు. ముసలివాళ్ళు, పిల్లలు కూడా తొక్కొచ్చు. ఈ బాటకు ఉన్న అసలు సుగుణం అదీ, మీ కరపత్రంలో ఒక్క ముక్క రాయలేదు.

అట్లని మొత్తం ఒకే గట్టు అనుకోవద్దు. కొన్నిచోట్ల కాలువ నీళ్ళు కుందూలో కలిసి రాజోలి ఆనకట్ట దగ్గర మళ్ళీ కాలువెక్కుతాయి. ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్న మీద ఇంకో ఆనకట్ట. అక్కడ బాట తెగుతుంది, ఊళ్ళ మీదుగా పోవాలి.

బురుజు_కింద
కర్నూలు ఊళ్ళో ముక్క సంగతి కూడా ఆలోచించండి. వినాయక ఘాట్ కాడ నిమజ్జనం రోజు చూడండి, ఆ ఒక్కరోజు కాలువ దేవుడు. మిగతా రోజులు మురిక్కాలువ. ముక్కు మూసుకుని ఒక్క చేత్తో హ్యాండిల్ పట్టుకోవడం వచ్చినవాళ్ళే రావాలి.

టీచరమ్మ_మైదుకూరు
ఇంతమంది రాశారు, ఒక్కరూ మరుగుదొడ్డి మాట ఎత్తలేదు. పోయినేడు మేం ఆడవాళ్ళం పదకొండు మంది. నంద్యాలలో ఆరుకు బయల్దేరితే పదకొండున్నరకు ఒక బడి దొరికింది, అదీ తాళం. మీ టీము పిల్లోడు "అక్కా, చెట్టు చాటు" అన్నాడు. తుమ్మకంప మీరే కొట్టించారు కదా నాయనా, చాటు ఎక్కడుంది?

34 వేల స్టేజీకి బదులు దారిలో మూడు బడులకు చెప్పి తాళం తీయించి, ఒక ఆయమ్మకు ఆ రోజు కూలి ఇచ్చి, నీళ్ళు నింపిస్తే రెండు వేలు కాదు. ఈసారి అది లేకపోతే నేను రాను, మా వాళ్ళనూ రానివ్వను.

ఉగ్గాని_బజ్జి
దీనికి జోకు లేదక్కా. నూటికి నూరు కరెక్టు.

ఆత్మకూరు_అక్క
నాకు సైకిల్ రాదు, అయినా చెప్తా. మీరు కొత్తగా బాట బాట అంటున్నారు. మా ఊరి మీదుగా ఎన్నో తరాలుగా ఒక బాట నడుస్తూనే ఉంది. ఉగాదికీ శివరాత్రికీ కన్నడం వాళ్ళు గుంపులు గుంపులుగా శ్రీశైలం నడిచిపోతారు. కర్నూలు, ఆత్మకూరు, వెంకటాపురం, అక్కడినుంచి అడవి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. ముసలోళ్ళు, చంకలో బిడ్డలున్నోళ్ళు, కొందరు మరగాళ్ళు (కర్రకాళ్ళు) కట్టుకుని నడుస్తారు. ఫీజు లేదు. మెడల్ లేదు.

వాళ్ళకు దారి పొడవునా ఏం దొరుకుతుందో చూడండి. మజ్జిగ, అన్నం, కాళ్ళకు రాసుకునే నూనె, పడుకోవడానికి పందిరి. పెట్టేది ఊళ్ళవాళ్ళే. మా ఇంట్లో ఏటా ఒక పూట మాది. మా అత్త బతికున్నప్పుడు "వాళ్ళ కాళ్ళు చూసి పెట్టు, మొహం చూసి కాదు" అనేది. ముందు ఆ ఊళ్ళ వాళ్ళను కలుపుకోండి. మీ యాత్రలో ఊరివాళ్ళు ఎక్కడున్నారు? రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్ళే కదా.

బ్రెవె_బాబు
అక్కా, ఆ అడవి దారిలో సైకిల్ పోతుందా?

ఆత్మకూరు_అక్క
అది పులుల అడవి నాయనా. ఫారెస్టు వాళ్ళు పండగ రోజుల్లో నడిచేవాళ్ళకే వదులుతారు. రాళ్ళ మెట్లు కూడా ఉన్నాయి. నువ్వు సైకిల్ను మోసుకుంటూ పోవాలి, పులి నిన్ను మోసుకుంటూ పోతుంది.

పల్లేరుకాయ
😂😂 ఈ వారానికి ఇది చాలు.

గట్టు మీద తొక్కాలనుకునే కొత్తవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. తుమ్మముల్లు కన్నా ప్రమాదం పల్లేరుకాయే. కంటికి కనబడదు, ఎట్లా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. నేను పాత ట్యూబును మధ్యకు కోసి టైరు లోపల పట్టీలాగా వేస్తా. బరువు పెరుగుతుంది, నిజమే. అయినా పోయినేడు 140 మందిలో పంక్చర్ కానివాళ్ళలో నేనొకణ్ణి. ట్యూబులో పోసే సీలెంటు కూడా పనిచేస్తుంది గానీ, మన ఎండకు ఆరిపోతుంది. నాలుగైదు నెలలకొకసారి పోయాలి. ఇంకా, ముల్లు గుచ్చుకుంటే వెంటనే పీకేయకండి, నీడ దొరికేదాకా పోండి. పీకితేనే గాలి పోయేది.

రెండుచక్రాలు_నంద్యాల
నేను లెక్క అడిగితే ఇంత కథ బయటకొచ్చింది. గట్టుబాట తమ్ముడూ, లెక్క పెట్టినందుకు సంతోషం. నోటికొచ్చినట్టు అన్నానని అనుకోవద్దు. కానీ బోర్డులు? ఒక్కోటి 4,500 పెట్టి ఇనుప బోర్డు పాతితే పాత సామాను వాడికే లాభం.

లస్కరు_మనవడు
ఇనుము ఎందుకు? మన పొలాలకు కంచె ఏంది? బండలు. ఇళ్ళకు గోడ బండ, అరుగు బండ, పశువుల తొట్టి బండ. ఒక నాపరాయి బండ నిలువుగా పాతి సుత్తీ ఉలితో అంకె కొట్టిస్తే వందేళ్ళు ఉంటుంది. ఎవడూ ఎత్తుకుపోడు, ఎవడింట్లో చూసినా అదే ఉంది కాబట్టి. పాత మైలురాళ్ళ మాదిరే.

ఉగ్గాని_బజ్జి
మీ ఊరి మైలురాయిని ఎత్తుకుపోయి బట్టలుతుకుతున్నారని ఇప్పుడే చెప్పావు కదన్నా.

లస్కరు_మనవడు
అది అడ్డంగా పడిపోయినాక. నిలబడి ఉన్నదాన్ని ఎవరూ ముట్టరు.

రిటైర్డు_ఏఈ
బండ ఆలోచన బాగుంది. అడుగున్నర లోతు పాతి చుట్టూ రాళ్ళు దట్టించాలి, నల్లనేలలో ఊరికే పాతితే రెండేళ్ళకు వాలిపోతుంది. గట్టు మధ్యలో కాదు, పొలం వైపు అంచున. కాలువ వైపు అసలు వద్దు.

గట్టుబాట_కార్యకర్త
రాత్రి టీములో కూర్చున్నాం. అందరూ ఒప్పుకోలేదు, ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు కూడా. ఇప్పటికి అనుకున్నది ఇది.

ఈసారి మైదుకూరు నుంచి ఖాజీపేట వైపు చిన్న యాత్ర, జనవరిలో సంక్రాంతి దాటినాక. ఫీజు 300, అది తిండికీ వాహనానికీ మాత్రమే. గట్టుకు ఇచ్చేది వేరుగా, ఎవరి ఇష్టం వాళ్ళది, వేరే రసీదు. టీషర్టు కావాలన్నవాళ్ళు 260 కట్టి కొనుక్కోవచ్చు, నీలిచొక్కా అన్న వాళ్ళ ఆఫీసు కోసం. స్టేజీ లేదు. బడుల తాళం, నీళ్ళు, ఆయమ్మ కూలి మొదటి ఖర్చు. గేటు ఎక్కడా పెట్టం, ఆ ముక్క అనుమతి కోసం రాసే అర్జీలోనే రాస్తున్నాం. చాగలమర్రి అన్న తూము దారి పూడ్చింది మేమే, ఈ ఆదివారం నలుగురం వస్తాం, పారలు మావే.

రోడ్డు వేస్తామని ఇంక అనం. బండలు, రెండు చోట్ల నీళ్ళ తొట్టి, నీడకు కానుగ మొక్కలు. అంతవరకే.

చాగలమర్రి_రైతు
మొక్కలు పెడితే సరిపోదు, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు ఎవరు పోస్తారో పేరు రాయండి. ఆదివారం రండి. పదిగంటలకల్లా వస్తే మా ఇంట్లో సంగటి తినొచ్చు. ఎండెక్కినాక వస్తే పనీ కాదు, సంగటీ ఉండదు.

నీలిచొక్కా_కడప
300కు మా వాళ్ళు ముప్పై మంది వస్తారు. కానీ స్టేజీ లేకపోయినా ఒక ఫొటో పెట్టుకునే చోటు పెట్టండి. ఊరికే ఒక బండైనా.

ఆడిటర్_పొద్దుటూరు
లెక్కలు నేను ఊరికే చూసిపెడతా. యాత్ర అయిన వారంలోపు ఇక్కడే పెట్టాలి, అదొక్కటే షరతు.

టీచరమ్మ_మైదుకూరు
మా బడి హెడ్మాస్టరుతో మాట్లాడాను, ఆ రోజు తాళం ఆయనే తీస్తానన్నారు. ఇంకా రెండు బడులు చూడాలి. చాపాడు వైపు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి.

కాలరుబోను
నేను కూడా వస్తున్నా. ముందు లైటుతో.

లస్కరు_మనవడు
112 మైలురాయి సంగతి. అది మా పెద్దమ్మ వాడే బండ. తిరిగి గట్టు మీద నిలబెడదామని అడిగా. ముప్పై ఏళ్ళుగా ఉతుకుతున్నా, నున్నగా అయింది, ఇవ్వనంది. చివరికి దానికన్నా పెద్ద బండ, నీళ్ళు జారిపోయేలా కొంచెం వాలుగా చెక్కింది తెచ్చిస్తే ఆలోచిస్తానంది. బేతంచెర్ల నుంచి బండలు తెచ్చేవాళ్ళు ఒకటి ఎక్కువ వేసుకోండి. కొలత రేపు పంపిస్తా.

ఉగ్గాని_బజ్జి
మేకపిల్ల ఫొటో ఇంకా రాలేదు.